పండగ భోజనం పెట్టిన షావుకారు

అనకాపల్లిలో మేము పనిచేసిన మిషన్ ఆసుపత్రికి గేటు పక్కనే చిన్న గది ఒకటి ఉండేది. వచ్చిన రోగి పేరు, ఊరు, బాధ ఏమిటో అడిగి, చీటీ రాసి లోపలికి పంపడం నా పని. ఎస్సెస్సెల్సీ పాసై, మా నాన్న కుట్టు మిషన్ పక్కన కూర్చుని జాకెట్లకు కాజాలు కుట్టుకుంటున్న నన్ను ఆ గదిలో కూర్చోబెట్టింది అప్పటి పెద్ద డాక్టరమ్మ. ఆవిడ దొరసాని. ఆసుపత్రి దుప్పట్లు, తెరలు, నర్సుల గౌన్లు మా నాన్నే కుట్టేవాడు. ఆ పరిచయంతో ఆవిడ స్వయంగా మా ఇంటికి వచ్చి అడిగితే, ఆడపిల్లను ఉద్యోగానికి పంపడానికి మా వాళ్ళు కాదనలేకపోయారు.

అక్కడ చేరాకే నాకు క్రిస్మస్ అంటే ఏమిటో తెలిసింది. పండగ ముందు రోజు మధ్యాహ్నం, వచ్చిన రోగులందర్నీ చూసేశాక, వెనక వరండాలో సిబ్బంది అందరికీ భోజనాలు. డాక్టరమ్మ దగ్గర్నుంచి మరుగుదొడ్లు కడిగే మనిషి దాకా ఒకటే పంక్తి. ఆడవాళ్ళకు చీరలు, మగవాళ్ళకు పంచెలు. ఒక సరుగుడు కొమ్మను ఇసక డబ్బాలో నిలబెట్టి, దానికి ఏటికొప్పాక లక్కబొమ్మలు దారాలతో వేలాడదీసేవాళ్ళు. నాలాంటి ముస్లిములం నలుగురం ఉన్నామని, హలాల్ కోసం మేకను మా వీధి ఖసాయి చేతే కోయించేవారు. మాంసం ముట్టని కంపౌండరు గారికి వేరే పొయ్యి మీద పప్పు, పులిహోర. ఇదంతా ఎవరి డబ్బో మేము అడిగింది లేదు. దొరసాని దేశంలో ఎవరో పంపిస్తారని మాత్రం విన్నాం. ఏడాదికోసారి అది రావాలి, వస్తుంది. అంతే. పోయినేడాది చీరకి అంచు వెడల్పుగా ఉండేదని సణుక్కునే వాళ్ళు కూడా ఉండేవారు.

అరవై నాలుగులోనో అరవై ఐదులోనో, ఆ దొరసాని ఉద్యోగం విరమించి తన దేశం వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో ఒక తెలుగు డాక్టరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో. మెల్లగా మాట్లాడేవాడు. ఆయాలను కూడా ‘అమ్మా, మీరు’ అనేవాడు. ఆ మన్నన ఆసుపత్రిలో మావాళ్ళకు కొత్తగా ఉండి, మొదట్లో నవ్వుకునేవారు.

నవంబరులో ఒకరోజు ఆయన అందర్నీ వరండాలోకి పిలిచి, ఈ ఏడు పండగకని బయటి నుంచి ఏమీ రాలేదని, ఆసుపత్రి డబ్బు మందులకే చాలడం లేదని చెప్పాడు. తలా కొంచెం వేసుకుని చిన్నగా చేసుకుందామా అని అడిగాడు. ఆ రోజుల్లో బియ్యం దొరకడమే కష్టంగా ఉండేది. పండగ భోజనమంటే మాలో చాలామందికి ఆ ఒక్కపూట పిల్లల కోసం ఆకులో కట్టుకుని పట్టుకెళ్ళే అన్నం కూడా.

డాక్టరు గారు లోపలికి వెళ్ళాక, కశింకోట నుంచి రోజూ నడిచి వచ్చే పెద్ద ఆయా ఒక్కతే నోరు విప్పింది.

“దొరసానమ్మ ఉన్నన్నాళ్ళూ సీరొచ్చింది. మన తెలుగోడు డాట్రయ్యేడు, సీర పోయింది.”

ఆ మాట సాయంత్రానికి ఆయన చెవిన పడింది. ఎవరు చేరవేశారో తెలీదు. మర్నాడు నా కిటికీ ముందు నుంచి వెళ్తూ ఆయన నన్ను పలకరించకుండా వెళ్ళిపోవడం గుర్తుంది. ఆ తర్వాతి రోజుల్లో ఆసుపత్రిలో పని నడిచేది కానీ, నడక మారిపోయింది. పిలిస్తే పలకడానికి ఆలస్యం. తడిగుడ్డ వేసిన చోటే మళ్ళీ వేయమంటే ముఖం ముడుచుకోవడం. దొరసాని ఉంటే ఇలా చేసేవారా అని ఆయన లోపల్లోపల అనుకునేవాడని ఆ తర్వాత ఆయనే నాతో అన్నాడు.

అలాంటి సమయంలో షావుకారు వచ్చాడు. బెల్లం వ్యాపారం. మార్కెట్టు వెనక రెండు గోదాములు, బజారులో మేడలు. మా నాన్న కొట్టు కూడా ఆయన మేడ కిందదే. వాళ్ళమ్మకు కంటికి కట్టు మార్పించడానికి తీసుకొచ్చి, బయట బెంచీ మీద కూర్చుని, వరండాలో మావాళ్ళ సణుగుడు విన్నాడు. కట్టు పూర్తయ్యాక డాక్టరు గదిలోకి వెళ్ళి, పండగ ఖర్చంతా తనదన్నాడు. బియ్యం, మేకలు, చీరలు, పంచెలు అన్నీ. ఇది మన ఊరి ఆసుపత్రి కదా, ఎవరో దేశం కాని దేశం వాళ్ళు పెట్టాలా అన్నాడట. డాక్టరు గారు ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఉండే మార్గం ఆ రోజు ఆయనకు కనపడి ఉండదు.

ఆ కబురు తెలిసి ఆసుపత్రి అంతా ఒక్కసారి తేలికపడింది. మా ఇంట్లో మాత్రం వేరే జరిగింది. చీరలతో పాటు జాకెట్లు కూడా కుట్టించి ఇవ్వాలని షావుకారు ఆ పని మా నాన్నకే అప్పజెప్పాడు. కూలి ఎంతని అడిగి, మా నాన్న చెప్పింది చెప్పినట్టు ముందే చేతిలో పెట్టాడు. ఆ రాత్రి అన్నం తింటూ మా నాన్న తల ఎత్తలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన మేడ కింద కుడుతున్నాను, లంగా బొందుకు కూడా బేరమాడే మనిషి అన్నాడు. నాతో, “నువ్వా చీర కట్టుకోవద్దు బేటీ, దాచిపెట్టు” అన్నాడు. ఎందుకని అడిగితే చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

పండగ ముందు రోజు ఉదయమే రెండు బళ్ళు వచ్చాయి. బియ్యం బస్తాలు, నూనె, ఎండుమిరపకాయలు, రెండు మేకలు. మధ్యాహ్నానికి వరండా నిండా ఘుమఘుమలు. అంతకు ముందు ఏ ఏడూ అంత తినలేదు. షావుకారు తెల్లటి పంచె, కండువాతో వచ్చి పంక్తి చివర నిలబడ్డాడు. ఆయన మాంసం తినడు, ఆ వాసన కూడా గిట్టదు. కండువా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అయినా కదలకుండా, ఒక్కొక్కరి ఆకు ముందూ ఆగుతూ వచ్చాడు. నీ పేరేటి, ఏ ఊరు, ఇంట్లో ఎంతమంది, మగడేటి చేస్తాడు. అడిగి, మళ్ళీ ఆ పేరు పైకి పలికి, ముందుకు వెళ్ళేవాడు. నా ముందుకొచ్చి, “నువ్వు టైలరు గారమ్మాయివి. నీ సంగతి నాకు తెల్సులే” అని దాటిపోయాడు. మీరూ తినండి బాబూ అని ఆయా అంటే, “మీరు తింటే సూత్తాను. అదే నాకు” అన్నాడు.

అందరూ కలుపుకుని తింటున్నారు. డాక్టరు గారు మాత్రం ఆకులో అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ మొదలైంది. షావుకారు తాలూకు మనుషులు వస్తే వరసలో నిలబడడం మానేశారు. నేను చీటీ రాయకముందే వార్డుబాయి వాళ్ళను లోపలికి తీసుకుపోయేవాడు. ఇంకొన్నాళ్ళకు చివరి గది, విడిగా పడుకోబెట్టాల్సిన రోగులది, ఆయన బంధువులెవరో వస్తారని ఖాళీగా ఉంచడం మొదలైంది. కంపౌండరు గారు బలం మందు సీసాలు సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. షావుకారు ఇవేవీ కావాలని అడగ్గా నేను వినలేదు. బజారులో ఎదురైతే, పేరు పెట్టి పిలిచి, పిల్లలెలా ఉన్నారని అడిగేవాడు. అంతే. మావాళ్ళే ఒకరి తర్వాత ఒకరు ఏదో ఒకటి చేసిపెట్టేవారు. ఒకసారి కాన్పు నొప్పులతో నాతవరం వైపు నుంచి బండి మీద వచ్చిన కొండ ఊరి పిల్లను వరండాలో చాప మీద పడుకోబెట్టారు, చివరి గది ఖాళీగా ఉండగానే. డాక్టరు గారు చూసి, గది తాళం ఎవరి దగ్గరుందని అడిగాడు. తలా ఓ పనిలో పడ్డారు. ఆయనే వెళ్ళి తాళం పగలగొట్టించాడు. ఆ సాయంత్రం షావుకారు గుమస్తా వచ్చి, కొత్త తాళం ఒకటి నా కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వానాకాలంలో బెల్లం గోదాముల దగ్గర నేల కూడా చెమ్మగిల్లి, నల్లగా, జిగటగా ఉంటుంది. ఒకరోజు పొద్దున్న, గేటు ముందు నుంచి కాకుండా వెనక దారిన ఒక లారీ వచ్చింది. ముగ్గురు మనుషులు ఒక మనిషిని గోనెసంచి మీద మోసుకుని దించారు. షావుకారు గోదాములో బెల్లం దిమ్మలు మోసే కలాసీ. వెనకాలే వానలో తడుస్తూ, కాళ్ళకు బురదతో అతని భార్య పరిగెత్తుకొచ్చింది. అతను చీటీ దగ్గరికి వచ్చే స్థితిలో లేడు కాబట్టి నేనే కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాను. నడుం దగ్గర్నుంచి కిందకి చూడలేకపోయాను. ఒళ్ళంతా కరిగిన బెల్లం అంటుకుని ఉంది. ఈగలు. ఆయా తడిగుడ్డతో తుడుస్తుంటే అవి లేచి మళ్ళీ వాలుతున్నాయి.

అతనికి తెలివి ఉంది. ఏం జరిగిందని డాక్టరు గారు అడిగితే, ఆగి ఆగి చెప్పాడు.

“గోడ పగిలిందని సెప్పేను బాబూ. సావుకారొచ్చి సూసేడు. ఇంకో వరస ఎత్తండన్నాడు. ఎత్తేం. మీదడిపోయింది.”

ఆ మాటలు విన్నవాళ్ళం ముగ్గురం. డాక్టరు గారు, ఆయా, నేను. అతని భార్య గుమ్మం బయట ఉంది. కాసేపటికి అతను నీళ్ళడిగాడు. మధ్యాహ్నం దాటాక పోయాడు.

అతన్ని ఇంకా గుడ్డతో కప్పుతుండగానే షావుకారు వచ్చాడు. నా గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురు కొట్టు నుంచి అందరికీ టీలు తెప్పించాడు. పాపం, పొద్దున్నే తాగి బండి మీంచి పడ్డాడు, కలాసీల బతుకులంతే అన్నాడు, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. తర్వాత ఒక్కొక్కరి పేరూ పిలిచి గ్లాసు చేతికిచ్చాడు. డిసెంబరులో ఒక్కసారి అడిగిన పేర్లు, ఒక్కటీ తప్పు పోలేదు.

“పోలీసోళ్ళు రేపొత్తారు. ఏదో అడుగుతారు. మీకేటి భయం, మీరంతా నా ఇంటోళ్ళే కదా.”

ఆయన వెళ్ళాక టీ గ్లాసులు అలాగే చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు మావాళ్ళు. కంపౌండరు గారు, చచ్చినవాడెలాగూ తిరిగి రాడు, మనకెందుకు అన్నాడు. ఆయన పెట్టిన అన్నం తిన్నామని ఇంకెవరో అన్నారు. ఆయా వైపు చూశాను. ఆమె కట్టుకున్నది పండగ చీరే. ఆమెకు మంచి చీర అదొక్కటే. ఇంటికెళ్ళి మా నాన్నతో చెప్పాను. ఆయన మిషన్ ఆపి, సూది కింద గుడ్డ అలాగే వదిలేసి నా వైపు తిరిగాడు. నువ్వు విన్నది విన్నట్టు చెప్పు, కొట్టు సంగతి నేను చూసుకుంటానన్నాడు.

మర్నాడు ఎస్సై వచ్చాడు. ఆయనతో పాటే, అనుకోకుండా దారిలో కలిసినట్టు, షావుకారు. వరండాలో కుర్చీలు వేశారు. మొదట ఆయాను పిలిచి, చనిపోయే ముందు ఆ మనిషి ఏమైనా అన్నాడా అని అడిగారు. ఆమె నేల చూస్తూ, “నాకేటి తెల్దు బాబూ, నాను నీళ్ళకెళ్ళేను” అంది. వార్డుబాయి తను అసలు ఆ గదిలోకే వెళ్ళలేదన్నాడు. కంపౌండరు గారు, అతని దగ్గర సారా వాసన వచ్చినట్టే అనిపించిందన్నాడు. షావుకారు ఎవరి వైపూ చూడడం లేదు. కండువా అంచు మడతలు సరిచేసుకుంటున్నాడు.

ఎస్సై నా పేరు పిలవబోతుండగా, డాక్టరు గారు లేచి నిలబడ్డాడు.

“ముందు నన్నడగండి. గోడ బీటలు వారిందని చెప్పినా సరుకు ఎత్తించారని ఆ మనిషి నాతో చెప్పాడు. తెలివిలోనే ఉన్నాడు. తాగి లేడు.”

ఎస్సై షావుకారు వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నేనూ విన్నానండీ అన్నాను. వినపడలేదన్నాడు. ఇంకోసారి చెప్పాను.

షావుకారు నెమ్మదిగా లేచాడు. కోపం ఏ మూలా కనపడలేదు. డాక్టరు గారి దగ్గరికి వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. “బోజనాల నాడు మీరు సరిగా తిన్లేదు డాక్టరు గారూ. అప్పుడే అనుకున్నాను.”

ఆ వారంలోనే మా నాన్నను కొట్టు ఖాళీ చెయ్యమన్నారు. ఇరవై ఏళ్ళ మిషన్‌ను రిక్షా మీద వేసుకుని రైల్వే గేటు అవతల ఒక పాక కింద పెట్టుకున్నాడు. పాత గిరాకీలో సగం అంత దూరం రాలేదు. ఆ విషయమై మా నాన్న నన్నెప్పుడూ ఒక్కమాట అనలేదు. ఆసుపత్రి వాళ్ళకు బజారులో అరువులు ఆగిపోయాయి. పాలవాడు రావడం మానేశాడు. డాక్టరు గారు ఉండే ఇంటి ముందు పొద్దున్నే లేచి చూస్తే వాకిట్లో కుళ్ళిన బెల్లం పోసి ఉండేది. చీమలు గుమ్మం దాకా పాకేవి. ఆయన నీళ్ళు పోసి కడుక్కుని డ్యూటీకి వచ్చేవాడు. ఇంకోరోజు మళ్ళీ అదే.

మావాళ్ళ కోపం మాత్రం షావుకారు మీద కాదు, డాక్టరు మీద. ఊరుకుంటే పోయేదానికి అందరి నోటి దగ్గర కూడు తీసేశాడని. సిబ్బంది కలిసి మిషన్ పెద్దలకు ఆయన మీద అర్జీ పెట్టుకున్నారు. నన్ను సంతకం అడగలేదు. ఆయాను వేలిముద్ర వెయ్యమంటే చెయ్యి కాలిందని చెప్పి తప్పించుకుంది. దీపావళి వెళ్ళాక డాక్టరు గారికి దూరంగా ఎక్కడికో బదిలీ అయింది. పోలీసు కేసు ఏమైందో ఎవరికీ తెలియలేదు. గోడ వానకి కూలిందని తేల్చారని కొన్నాళ్ళకు విన్నాం. వెళ్ళే ముందు డాక్టరు గారు చేసిన చివరి పని, ఆ కలాసీ భార్యను వార్డులు ఊడ్చే పనిలో పెట్టడం. స్టేషనుకు ఆయన్ను దిగబెట్టడానికి మా నాన్న, నేను తప్ప ఇంకెవరూ రాలేదు. బండి కోసం నిలబడి ఉండగా ఆయన నాతో, పండగ ఖర్చుకి ఒప్పుకున్న రోజున తన మనసులో ఉన్నది ఒక్కటే, వీళ్ళు నన్ను కూడా మనవాడనుకోవాలని, అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, బండెక్కాడు.

డిసెంబరు వచ్చింది. కొత్త డాక్టరు ఇంకా రాలేదు. పండగ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఒకరోజు షావుకారు గుమస్తా గేటు దగ్గరికొచ్చి, ఈ ఏడు భోజనాలకు ఎంతమంది అవుతారో కనుక్కోమన్నారని అడిగాడు. వరండాలో ఉన్నవాళ్ళంతా పనులాపేశారు. కంపౌండరు గారు గొంతు సవరించుకున్నాడు. చివరికి ఆయా చేతిలో బకెట్టు దించి గేటు దాకా వెళ్ళింది.

“మీ బాబుకి సెప్పు. మా కూడు మేవే వొండుకుంటాం.”

గుమస్తా ఆమెను కిందికీ మీదికీ చూసి, సరే అలాగే చెప్తానన్నాడు. అతను మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. ఆయా తిరిగొచ్చి బకెట్టు ఎత్తుకుంది. ఏం చేశావే అని ఒకరిద్దరు ఆమెను తిట్టారు కూడా. అప్పటి నుంచి పండగ రోజు దాకా ఏదో ఒకటి జరుగుతుందని ఎదురుచూస్తూనే గడిపాం. గేటు ముందు లారీ చప్పుడైతే అందరి తలలూ అటే తిరిగేవి. ఏమీ జరగలేదు. అదింకా భయంగా ఉండేది.

పండగ ముందు రోజు ఎవరింట్లోంచి వాళ్ళు తెచ్చారు. ఒకరు అంబలికి చోళ్ళ పిండి, ఒకరు గుప్పెడు బియ్యం, ఒకరు వంకాయలు. సగం మంది రాలేదు. కంపౌండరు గారు పప్పు పంపించి తను ఇంట్లో ఉండిపోయాడు. మా అమ్మ సేమ్యా పాయసం చేసి ఇచ్చింది. చీరలు, పంచెలు లేవు. మాంసం లేదు. అంబలి గిన్నె, పలచటి పప్పుచారు, తలా ఒక ముద్ద అన్నం.

కలాసీ భార్య వచ్చి కూర్చోలేదు. చీపురు పక్కన పెట్టి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నేను ఆకు వేసి పిలిచాను. దగ్గరికొచ్చింది కానీ కూర్చోకుండా, ఆకు వైపు చూస్తూ, చిన్న గొంతుతో అడిగింది.

“అమ్మా, ఈ కూడు ఎవులెట్టేరు?”

ఆ ప్రశ్నకి పంక్తిలో తింటున్న చేతులు ఆగాయి. చోళ్ళు ఎవరు తెచ్చారో, వంకాయలు ఎవరు తెచ్చారో, పాయసం ఎవరింటిదో ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించి చెప్పాను. ఆమె మొత్తం విన్నది. విన్నాక ఇంకోసారి అందరి ముఖాల వైపూ చూసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆయా పక్కన కూర్చుంది.